మన గడప కింద దక్షిణ ధ్రువం

పటం తెరిచి తాండూరు మీద వేలు పెట్టి సూటిగా దక్షిణానికి జరపండి. అనంతపురం వస్తుంది, బెంగళూరు వస్తుంది, కన్యాకుమారి వస్తుంది. అన్నీ తూర్పు రేఖాంశం 77.6 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉన్నవే. కన్యాకుమారి దాటాక ఇక నేల లేదు. భూమధ్యరేఖ దాటి చాలా దూరం పోయాక, హిందూ మహాసముద్రం నడుమ ఆమ్‌స్టర్‌డామ్, సెయింట్ పాల్ అని ఫ్రాన్స్‌కు చెందిన రెండు చిన్న అగ్నిపర్వత దీవులు ఉంటాయి. అవీ ఈ గీత మీదే ఉన్నాయి. ఆ తర్వాత మళ్లీ నీళ్లు, తేలే మంచుకొండలు, చివరకు అంటార్కిటికా ఒడ్డు. అక్కడ లార్స్‌మన్ కొండల్లో, మన గీతకు కొద్దిగా పడమరగా, 76 డిగ్రీల రేఖాంశం దగ్గర భారతదేశపు పరిశోధన కేంద్రం ‘భారతి’ ఉంది. 134 షిప్పింగ్ కంటైనర్లను కలిపి కట్టిన ఆ కేంద్రం 2012 మార్చిలో పని మొదలుపెట్టింది. తాండూరు నుంచి అక్కడికి దాదాపు 9,600 కిలోమీటర్లు.

ఈ దూరం మొదటి నుంచీ ఉన్నది కాదు. సుమారు పదమూడు కోట్ల ఏళ్ల కిందటి దాకా మన తూర్పు తీరమూ, అంటార్కిటికా తూర్పు భాగమూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి. విశాఖపట్నం కొండల్లో కనిపించే ఖోండలైట్, చార్నొకైట్ జాతి రాళ్లు భారతి కేంద్రానికి పడమటి తీరంలోనూ మంచులోంచి బయటపడి కనిపిస్తాయి. వాటి వయసు రెండు చోట్లా ఇంచుమించు వంద కోట్ల ఏళ్లు. ధ్రువ యాత్రల కథ చదివినప్పుడల్లా నాకు తీరని కొరత ఒకటి ఉంటుంది. మన పిల్లలకు ఆ కథను యూరప్ వాళ్లు ఎక్కడో మంచులో పెట్టుకున్న పరుగుపందెంగానే చెబుతాం. ఆ యాత్రల వల్ల లోకానికి తెలిసిన విషయాల్లో చాలా పెద్దది మన నేల గురించిందే. ఆ మాట మాత్రం చెప్పం.

ధ్రువ యాత్రల చరిత్రను చూడాలంటే ప్రపంచంలో ముందుగా చెప్పుకోవలసిన చోటు ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్. అక్కడి స్కాట్ పోలార్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను 1920లో స్థాపించారు. స్థాపకుడు ఫ్రాంక్ డెబెన్‌హామ్, దక్షిణ ధ్రువం కోసం కెప్టెన్ స్కాట్ సాగించిన చివరి యాత్రలో పాల్గొన్న భూవిజ్ఞాని. 1934లో తెరిచిన భవనానికి నమూనా గీసినవాడు హెర్బర్ట్ బేకర్. ఢిల్లీలో పాత పార్లమెంటు భవనం, నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ కట్టించిన వాస్తుశిల్పి ఈయనే. లోపల అడుగుపెట్టి తలెత్తితే పైకప్పు మీద రెండు గుమ్మటాలు. ఒకదానిలో ఉత్తర ధ్రువ ప్రాంతపు పటం, ఇంకోదానిలో దక్షిణ ధ్రువ ప్రాంతపు పటం. చుట్టూ ఆ సముద్రాలను వెదుకుతూ పోయిన ఓడల బొమ్మలు, నావికుల పేర్లు.

మ్యూజియం లోపల స్కాట్ బృందం రాసిన ఆఖరి ఉత్తరాలున్నాయి. ఆ బృందంలోని ఎడ్వర్డ్ విల్సన్ గీసిన బొమ్మలున్నాయి. లారెన్స్ ఓట్స్ వాడిన రెయిన్‌డీర్ తోలు స్లీపింగ్ బ్యాగ్ ఉంది. చలికి కుళ్లిన కాళ్లను లోపలికి పెట్టుకోవడం కష్టమై పక్కన నిలువునా కోసిన బ్యాగ్ అది. తన వల్ల మిగతావాళ్లు ఆలస్యమవుతున్నారని గ్రహించిన ఓట్స్ ఒక రోజు మంచు తుఫానులోకి నడిచిపోయాడు, తిరిగి రాలేదు. ఆ కోత ముందు నిలబడిన వాళ్లు త్వరగా కదలలేరు.

నా దృష్టిలో ఆ యాత్రలో వీటికంటే బరువైనవి రాళ్లు. 1911 డిసెంబరు 14న నార్వేకు చెందిన అముండ్‌సెన్ దక్షిణ ధ్రువం చేరాడు. స్కాట్ బృందం అక్కడికి చేరేసరికి 1912 జనవరి 17. ఓడిపోయి, ఆకలితో, బండిని తామే లాక్కుంటూ తిరుగుముఖం పట్టారు. ఫిబ్రవరి 8న బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన, బక్లీ పర్వతం అడుగున ఆగి, విల్సన్ రాళ్లలో ఆకుల ముద్రలు చూసి కొన్నింటిని ఏరాడు. మొత్తం 35 పౌండ్లు, అంటే పదహారు కిలోలు. ప్రతి గ్రాము బరువు ప్రాణం మీదికి వస్తున్న దారిలో వాటిని ఎక్కడా పారేయలేదు. మార్చి నెలాఖరులో చివరి ముగ్గురూ గుడారంలోనే చనిపోయారు. తిండి దాచిన చోటు అక్కడికి ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లే. నవంబరులో వెదుకుతూ వచ్చినవాళ్లకు శవాల పక్కన ఆ రాళ్లు దొరికాయి. మోసుకురావడం తప్పేమోనని ఇవాళ్టికీ కొందరు వాదిస్తారు. వాళ్లు సరైన పనే చేశారని నా నమ్మకం.

ఆ రాళ్లు కేంబ్రిడ్జ్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడు ఆల్బర్ట్ సివార్డ్ చేతికి వచ్చాయి. 1914లో ఆయన ఆ ఆకు ఏదో తేల్చి ప్రకటించాడు. అది గ్లాసోప్టెరిస్ ఇండికా. నాలుక ఆకారంలో, నడుమ ఈనెతో, దాని నుంచి వల అల్లినట్టు సన్నని ఈనెలతో ఉండే ఆకు. అప్పటికి చాలాకాలం ముందు నుంచే భారతదేశపు బొగ్గు గనుల్లో దొరుకుతున్న ఆకు. పేరులోనే ఇండియా ఉన్న చెట్టు దక్షిణ ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల దూరంలో ఎందుకుంది? దాని గింజలు గాలికి సముద్రాలు దాటేంత తేలికైనవి కావు. చెట్టు నడవలేదు కాబట్టి నేలే నడిచి ఉండాలి. సరిగ్గా 1912 జనవరిలోనే, స్కాట్ ధ్రువం చేరడానికి పదకొండు రోజుల ముందు, జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఖండాలు కదులుతున్నాయని మొదటిసారి సభలో చెప్పాడు. ఆయనా ధ్రువ యాత్రికుడే. 1930లో గ్రీన్‌లాండ్ మంచు మీద ప్రాణం విడిచాడు. సివార్డ్ దగ్గర చదువుకున్న మన బీర్బల్ సహానీ గురువుతో కలిసి 1920లో భారత గోండ్వానా వృక్ష శిలాజాల మీద గ్రంథం రాశారు. తర్వాత లక్నోలో పురావృక్ష పరిశోధన సంస్థను స్థాపించారు.

ఈ ఆకు తెలంగాణకు కొత్త కాదు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. అదే ఇవాళ్టి సింగరేణికి మొదలు. గోదావరి లోయలోని ఆ బొగ్గు చాలావరకు గ్లాసోప్టెరిస్ అడవి మిగిల్చిందే. బొగ్గుపొర మీదున్న బురదరాయి పలకను విప్పితే ఆకు ముద్ర ఈనెలతో సహా కనిపిస్తుంది. స్కాట్ బృందం ప్రాణాల కంటే ఎక్కువగా చూసుకున్న శిలాజం కొత్తగూడెంలో, గోదావరిఖనిలో బొగ్గుబావి నుంచి ఎన్నిసార్లు లారీలో పోయిందో!

ఆ అడవికి ముందు అక్కడ మంచు ఉండేది. సుమారు ముప్పై కోట్ల ఏళ్ల కిందట భారతదేశం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. గోండ్వానా మహాఖండం మీద హిమానీనదాలు పాకుతూ, కింది బండను గీరుతూ, రాళ్లను ఈడ్చుకుంటూ పోయాయి. మంచు కరిగాక ఆ రాళ్లు ఎక్కడివక్కడ పడిపోయాయి. చిన్నా పెద్దా తేడా లేకుండా, సన్నటి బురదలో బండరాళ్లు కూరుకున్న ఆ పొరను తాల్చేరు పొర అంటారు. ఒడిశాలోని తాల్చేరులో 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు, వాళ్ల సహచరుడు థియోబాల్డ్ ఇది మంచు పని అని గుర్తించారు. ఎండలు మండే దేశంలో మంచు మాటేమిటని అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1875లో ఫెడెన్ అనే సర్వే ఉద్యోగి చంద్రపూర్ దగ్గర, పెన్‌గంగ ఒడ్డున ఇరయి అనే చోట తాల్చేరు పొర కింద నున్నగా అరిగి, వరసగా గీతలు పడిన సున్నపురాతి బండను చూపించాడు. హిమానీనదం అడుగున ఇరుక్కున్న రాళ్లు గీసిన గీతలవి. అదే పెన్‌గంగ ఆదిలాబాద్ జిల్లాకు సరిహద్దుగా పారుతోంది.

వికారాబాద్, తాండూరుల్లో ఈ మంచు పొర లేదు. ఇక్కడి రాళ్ల పుస్తకంలో ఆ పుటలు చిరిగిపోయాయి. కాని ముందు పుటలూ, తర్వాతి పుటలూ ఉన్నాయి, రెండూ గంటలోపు రైలు ప్రయాణంలో చదవవచ్చు. అందుకే ఈ దారిని నేను మ్యూజియం అంటాను.

మొదట వికారాబాద్. అనంతగిరి కొండల మీదికి వారాంతాల్లో హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి. మూసీ పుట్టేది ఇక్కడే, తాండూరు వైపు పారే కాగ్నా ఊటలూ ఈ కొండల్లోనే. పైన ఎర్రటి తుప్పురంగు మట్టిరాయి, లాటరైట్. దాని కింద నల్లరాయి, బసాల్టు. ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల కిందట నేల పగిలి పొంగిన లావా అది. మహారాష్ట్ర దాకా పరుచుకున్న దక్కన్ ట్రాప్స్‌కు ఇది తూర్పు అంచుల్లో ఒకటి. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ కంది పండే నల్లరేగడి ఈ లావా శిథిలమై వచ్చిన మట్టే.

ఈ నల్లరాయికీ ధ్రువానికీ సంబంధం అయస్కాంతంలో ఉంది. ధ్రువ యాత్రల మ్యూజియంలలో డిప్ సర్కిల్ అనే పరికరం కనిపిస్తుంది. మామూలు దిక్సూచి ముల్లు అడ్డంగా తిరుగుతుంది. ఇందులో ముల్లు నిలువుగా తిరిగి, భూమి అయస్కాంత బలం ఎంత వాలుగా నేలలోకి దిగుతోందో చూపిస్తుంది. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ముల్లు అడ్డంగా ఉంటుంది. ధ్రువం వైపు పోయేకొద్దీ వాలిపోయి, అయస్కాంత ధ్రువం దగ్గర నిట్టనిలువుగా నిలబడుతుంది. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ ఉత్తర అయస్కాంత ధ్రువాన్ని ఈ ముల్లు నిలబడడంతోనే గుర్తించాడు. 1909 జనవరిలో షాకిల్టన్ బృందం నుంచి ఎడ్జ్‌వర్త్ డేవిడ్, మాసన్, మకే బండి లాక్కుంటూ దక్షిణ అయస్కాంత ధ్రువం దాకా వెళ్లింది కూడా ఈ ముల్లు వెంటే.

లావా చల్లారేటప్పుడు దానిలోని మాగ్నటైట్ రేణువులు అప్పటి అయస్కాంత బలం దిశను పట్టుకుని అలాగే బిగిసిపోతాయి. అంటే ప్రతి బసాల్టు ముక్కలోనూ, అది పుట్టిన నాటి డిప్ సర్కిల్ ముల్లు ఆగిపోయి ఉంటుంది. 1950లలో లండన్ ఇంపీరియల్ కాలేజీలో శాస్త్రవేత్త బ్లాకెట్ ప్రోత్సాహంతో క్లెగ్, ఆయన సహచరులు దక్కన్ ట్రాప్స్ రాళ్లను కొలిచారు. ఈ అక్షాంశంలో పుట్టిన రాయిలో వాలు ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగా ఉండాలి. రాళ్లలో దొరికింది దాదాపు 45 డిగ్రీలు, అదీ దక్షిణార్ధగోళంలో ఉండవలసిన తీరులో. లెక్క వేస్తే ఈ లావా పొంగినప్పుడు మన నేల 25 నుంచి 30 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉందని తేలింది. ఖండాలు కదులుతాయని వెగెనర్ చెబితే నవ్విన శాస్త్రలోకం మనసు మార్చుకోవడానికి ఈ కొలతలు చాలా దోహదం చేశాయి. అనంతగిరి గుట్ట అయిదు వేల కిలోమీటర్లు ఉత్తరానికి ప్రయాణించి ఇక్కడికి వచ్చింది. పైనున్న ఎర్ర లాటరైట్ వేడి, తడి కలిసిన వాతావరణంలో ఆ నల్లరాయి కుళ్లి ఏర్పడింది.

వికారాబాద్ నుంచి తాండూరుకు రైలు దిగువకు పోతుంది, కాలంలో వెనక్కి కూడా. నల్లరాయి అయిపోయి, దాని కింది సున్నపురాయి బయటపడుతుంది. తాండూరు బండలు, షాబాద్ బండలు, నాపరాళ్లు అని మనం ఇళ్లలో పరుచుకునేవి ఇవే. భీమా బేసిన్ అనే పాత సముద్రపు అడుగున, కదలిక తక్కువగా ఉన్న లోతులేని నీళ్లలో, సన్నటి సున్నపు బురద పొరపొరగా పేరుకుంది. జంతువులు లోకమంతా విస్తరించక ముందటి సముద్రమని చాలామంది భూవిజ్ఞానుల అంచనా. గనిలో కూలీ ఉలి పెట్టి సుత్తితో అంచు వెంబడి కొడుతూ పోతే బండ దానంతట అదే పలకగా లేస్తుంది. రెండు సున్నపు పొరల మధ్య వెంట్రుకవాసి మందాన బంకమట్టి ఉండడం వల్ల అది సాధ్యం. పాలిష్ చేయని బండ అంచు మీద నీళ్లు పోసి చూడండి, నీలి బూడిద రంగులో గీత కింద గీత కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ బండ మూలను మేకుతో గీరి, రాలిన పొడి మీద నిమ్మరసం పిండండి. సన్నటి బుడగలు లేస్తాయి. ఆ సముద్రం గాలిలోంచి తీసుకుని, సున్నంతో కలిపి రాయిగా దాచిన బొగ్గుపులుసు వాయువు అది. వికారాబాద్ నల్లరాయి మీద అదే నిమ్మరసం పిండితే బుడగ లేవదు. స్వచ్ఛమైన సున్నపురాయి ఒక టన్నును బట్టీలో కాలిస్తే 440 కిలోల బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. తాండూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. కరన్‌కోట్‌లో ప్రభుత్వ రంగ సిమెంటు కార్పొరేషన్ ప్లాంటూ ఉంది. సిమెంటు లేకుండా ఇల్లు లేదు, బడి లేదు, ఆస్పత్రి లేదు. ఆ వాయువు ఎక్కడికి పోతోందో మాత్రం తెలుసుకోవాలి.

దాని లెక్క రాసిపెట్టింది అంటార్కిటికా మంచే. అక్కడ కురిసిన మంచు కరగకుండా ఏటేటా పేరుకుని, బరువుకు బిగుసుకుని, నడుమ ఆనాటి గాలిని బుడగలుగా మూసేస్తుంది. డోమ్ సి అనే చోట యూరప్ శాస్త్రవేత్తలు మూడు కిలోమీటర్లకు పైగా తవ్వి, ఎనిమిది లక్షల ఏళ్ల గాలిని బయటికి తీశారు. 2025 జనవరిలో ఇంకో చోట 2,800 మీటర్లు తవ్వి పన్నెండు లక్షల ఏళ్ల నాటి మంచును అందుకున్నారు. ఎనిమిది లక్షల ఏళ్లలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో 180 నుంచి 300 మధ్యనే ఊగింది. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచు మొత్తం కరిగితే సముద్రం 58 మీటర్లు లేస్తుంది. అంతా ఇప్పట్లో కరగదు. కోనసీమ, దివిసీమ లాంటి పల్లపు నేలకు అందులో వందో వంతు చాలు.

ఈ కథలో హైదరాబాద్ వాటా తక్కువేమీ కాదు. 1981 డిసెంబరులో గోవా నుంచి బయల్దేరిన తొలి భారత అంటార్కిటికా యాత్రకు శాస్త్రవేత్త ఖాసిం నాయకుడు. 1983–84లో మూడో యాత్రకు నాయకత్వం వహించి, ఒక్క వేసవిలో దక్షిణ గంగోత్రి కేంద్రాన్ని నిలబెట్టిన హర్ష్ గుప్తా ఆ తర్వాత తార్నాక దగ్గరున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి డైరెక్టరయ్యారు. అంటార్కిటికాలో మనకున్న మరో కేంద్రం మైత్రిలో భూకంపాలను నమోదు చేసే పరికరాలూ, భూఫలకాల కదలికను కొలిచే జీపీఎస్ కేంద్రమూ ఆ సంస్థవే. ఉప్పల్ రోడ్డులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శిసింతి శివాజీ, ఆయన సహచరులు అంటార్కిటికా మట్టిలోని సూక్ష్మజీవులను ఏళ్ల తరబడి పరిశీలించారు. మైత్రి ఉన్న షిర్మాకర్ ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక కొత్త బాక్టీరియాకు 1992లో స్ఫింగోబాక్టీరియం అంటార్కిటికస్ అని పేరు పెట్టారు. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడుతుంది, పొద్దుతిరుగుడు నూనె కట్టదు; చలిని తట్టుకునే బాక్టీరియాలు కూడా తమ పొరలో గడ్డకట్టని రకం కొవ్వుల పాలు పెంచుకుంటాయి.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరాన్ని చాలామంది చూసే ఉంటారు. ఆదిలాబాద్ ప్రాంతంలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ డైనోసార్‌ను 1988లో శాస్త్రవేత్త యాదగిరి లోకానికి పరిచయం చేశారు. దాని దూరపు బంధువు గ్లేసియాలిసారస్ ఎముకలు దొరికింది బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గరే. విల్సన్ ఆకు రాళ్లు ఏరిన ఆ హిమానీనదమే. కాని కోటాసారస్ పక్కన ఈ సంగతి తెలుసుకునే పిల్లలు ఎందరు?

2025 మేలో గోవాలోని ధ్రువ పరిశోధన సంస్థలో పోలార్ భవన్ ప్రారంభమైంది. దేశంలో మొదటి ధ్రువ, సాగర మ్యూజియం అందులోనే వస్తుందని ప్రకటించారు. మంచిదే. అలాంటిది చిన్నదొకటి వికారాబాద్ జిల్లాలోనూ కావాలి. అనంతగిరిలో ఒక హాలు చాలు. అందులో ఒక డిప్ సర్కిల్, ఒక నల్లరాయి, ఒక తాండూరు బండ, సింగరేణి నుంచి ఒక గ్లాసోప్టెరిస్ పలక, పెన్‌గంగ ఒడ్డు నుంచి మంచు గీతల ఫొటో, మైత్రిలో పనిచేసి వచ్చిన వాళ్ల దుస్తులు, నోటుపుస్తకాలు. ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, జియలాజికల్ సర్వే ఇక్కడికి రెండు మూడు గంటల దూరంలో ఉన్నాయి. పర్యాటక శాఖ అడిగితే వాళ్లు కాదనరనే నా నమ్మకం.

అంతవరకు ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఈ చలికాలంలో పిల్లల్ని వికారాబాద్‌లో దించి, గుట్ట ఎక్కించి, తర్వాత తాండూరు రైలెక్కించండి. ఒక అయస్కాంతం, నాలుగు నిమ్మకాయలు వెంట తీసుకెళ్లండి. వాగు ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే నల్లటి రేణువుల్నీ, బండ పొడి మీద లేచే బుడగల్నీ పిల్లలు చూడనివ్వండి. స్కాట్ కథ ఆ తర్వాత చెప్పండి.